వీపు మీద మోసిన యుద్ధం

యుద్ధం అనగానే మనకు తుపాకులూ ఫిరంగులూ గుర్తొస్తాయి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, ఏ సంవత్సరంలో ఏ ఒప్పందం కుదిరింది... బళ్లో పరీక్షల కోసం మనం బట్టీ పట్టిందంతా ఇదే. ఆ తుపాకీ పట్టుకున్నవాడు ఆ పూట ఏం తిన్నాడన్నది ఏ పుస్తకమూ చెప్పదు, ఏ మాస్టారూ అడగరు. మన ఇళ్లలో ఓ పెళ్లి చేసి వెయ్యిమందికి విస్తళ్లు వేయాలంటేనే నెల రోజుల ముందు నుంచీ హడావుడి. అలాంటిది పదివేల మందికి పైగా మనుషులకు, దారి లేని కొండ కొమ్మున, నడుం లోతు మంచులో, ఎదుటివాడు తూటాలు పేలుస్తుండగా, రోజూ తిండి అందించాలంటే?

ఆ పని చూడటానికే ప్రతి సైన్యంలోనూ ఒక విభాగం ఉంటుంది. ఇటలీ సైన్యంలో దాన్ని రవాణా, సామగ్రి విభాగం అంటారు. అందులో వాహనాలు నడిపేవాళ్లకు 'ఆవుతియేరి' అని పేరు. ఏటా మే 22న వాళ్లు పండుగ చేసుకుంటారు. దాని వెనక ఓ కథ ఉంది. 1916 మేలో ఆస్ట్రియా సేనలు ఆసియాగో పీఠభూమి మీదుగా విరుచుకుపడ్డాయి. ఇంకాస్త ముందుకొస్తే మైదానంలోకి దిగిపోతాయి. అలాంటి సమయంలో వేరే రంగంలో ఉన్న వేలమంది సైనికులను లారీల్లో ఎక్కించి హుటాహుటిన అక్కడికి చేర్చారు. ఇటలీ సైన్యం అంత పెద్ద ఎత్తున మనుషులను మోటారు బండ్లలో తరలించడం అదే మొదటిసారి. అందుకే ఆ రోజును పండుగ రోజు చేసుకున్నారు.

నిజానికి అంతకు అయిదేళ్ల ముందే, 1911లో లిబియా కోసం టర్కీతో జరిగిన యుద్ధంలో ఇటలీ లారీలను రంగంలోకి దింపింది. ఆ యుద్ధంలోనే నవంబరు 1న జూలియో గవోట్టి అనే వైమానికుడు విమానంలోంచి చేత్తో బాంబులు జారవిడిచాడు. ప్రపంచంలో విమానం నుంచి బాంబు వేయడం అదే తొలిసారి. ఆయన పేరు చరిత్రలో నిలిచిపోయింది. అదే యుద్ధంలో ఇసుకలో లారీలు తోలినవాళ్ల పేర్లు మాత్రం మనకెక్కడా వినిపించవు. మోసేవాళ్ల సంగతి ఎప్పుడూ ఇంతే.

అయితే, ఈ వారం చెప్పబోయేది ఆ లారీల కథ కాదు. లారీ ఆగిపోయిన చోట, కంచరగాడిద కూడా చాలక చేతులెత్తేసిన చోట మొదలైన కథ. అందులో యూనిఫాం వేసుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకంటే వాళ్లంతా ఆడవాళ్లు.

దారి లేని సరిహద్దు

ఇటలీ పటం చూస్తే పొడుగాటి బూటులా ఉంటుంది కదా. ఆ బూటు పై అంచున, కుడివైపు మూలకు వెళితే ఆస్ట్రియా సరిహద్దు తగులుతుంది. అక్కడ కార్నియా అనే కొండసీమ ఉంది. పేద ప్రాంతం. సాగుకు పనికొచ్చే నేల తక్కువ, చలి ఎక్కువ. అక్కడి మగవాళ్లు ఏటా వసంతం రాగానే మూటా ముల్లె సర్దుకుని సరిహద్దు దాటేవారు. ఆస్ట్రియాలోనో జర్మనీలోనో తాపీ పని, కూలి పని చేసుకుని శీతాకాలానికి ఇల్లు చేరేవారు. పాలమూరు వలస తెలిసినవాళ్లకు ఈ బతుకు ప్రత్యేకంగా వివరించక్కర్లేదు.

1914లో ఐరోపాలో యుద్ధం అంటుకుంది. పనులకెళ్లిన మగవాళ్లు తిరిగొచ్చేశారు. 1915 మే 24న ఇటలీ కూడా యుద్ధంలోకి దిగింది. నిన్నటిదాకా కూలిచ్చిన ఆస్ట్రియా ఒక్క రాత్రిలో శత్రుదేశమైంది. ఇళ్లకు చేరిన మగవాళ్లు ఈసారి తుపాకులు పట్టుకుని మళ్లీ వెళ్లిపోయారు. ఊళ్లలో మిగిలింది ముసలివాళ్లూ పిల్లలూ ఆడవాళ్లూ.

యుద్ధరేఖ సరిగ్గా వాళ్ల ఊళ్ల నెత్తి మీదే గీసినట్టు వచ్చింది. బుత్ నది లోయ చివర తిమావ్ అనే చిన్న ఊరుంది. దానిపైన పాల్ పిక్కోలో, పాల్ గ్రాండె, ఫ్రైకోఫెల్ అనే శిఖరాలున్నాయి. ఒక్కొక్కటీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. పక్కనే మోంతె క్రోచె కార్నికో కనుమ. ఆస్ట్రియా సేనలు ఆ కనుమ దాటాయంటే లోయలోంచి నేరుగా మైదానంలోకి దిగొచ్చు. అటు తూర్పున ఇసోంజో నది దగ్గర పోరాడుతున్న ఇటలీ ప్రధాన సైన్యానికి వెన్నుపోటు పొడవొచ్చు. అందుకే ఎంత కష్టమైనా ఆ శిఖరాలను వదలడానికి వీల్లేదు. కార్నియా రంగం జనరల్ క్లెమెంతె లెక్వియో చేతుల్లో ఉండేది. ఒక్క ఎగువ బుత్ లోయలోనే పది, పన్నెండు వేలమంది సైనికులు కొండల మీద మోహరించారు.

సైన్యం పైకెక్కింది సరే, దాని వెనక తిండి ఎలా ఎక్కాలి? రైళ్లూ లారీలూ గుర్రబ్బండ్లూ కలిసి సరుకును లోయలోని గోదాముల దాకా తెచ్చి పోసేవి. అక్కడితో రోడ్డు ఖాళీ. ఆ తర్వాత ఉన్నవి మేకలు తొక్కిన కాలిబాటలే. కొన్ని చోట్ల కంచరగాడిదలు ఎక్కగలవు, చాలాచోట్ల అవీ ఎక్కలేవు. సైనికులనే కిందికి పంపి మోయిద్దామంటే పైన కందకాల్లో కాపలా పలచబడుతుంది. పైన వాళ్లకు రోజూ రొట్టె కావాలి, తూటాలు కావాలి, మందులు కావాలి, కందకం బాగుచేసుకోవడానికి చెక్కలూ పనిముట్లూ కావాలి. ఒక్కరోజు సరుకు ఆగినా ఇబ్బందే. నాలుగు రోజులు ఆగిందంటే శత్రువు తూటా కూడా అక్కర్లేదు.

చివరికి సైన్యం ఊళ్ల వైపు చూసింది. సాయం చేయమని జనాన్ని అడిగింది. ఇళ్ల తలుపులు తెరుచుకుని వచ్చింది ఆడవాళ్లే.

గడ్డి బుట్టలో గుళ్లు

కార్నియా ఆడవాళ్లకు మోత కొత్త కాదు. వీపున తగిలించుకునే పెద్ద బుట్ట ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉండేది. దాన్ని 'జెర్లా' అంటారు. సన్నటి చెక్క పేళ్లతో అల్లి, రెండు భుజాలకూ పట్టీలు బిగిస్తారు. మన పిల్లలు బడి సంచీ తగిలించుకున్నట్టే. పైన కోసిన గడ్డి కిందికి రావాలన్నా, పొలానికి ఎరువు వెళ్లాలన్నా, పొయ్యిలోకి కట్టెలు కావాలన్నా అన్నీ ఆ బుట్టలోనే. మగవాళ్లు వలస వెళ్లిన ఊళ్లో ఇంటిపనీ పొలంపనీ ఆడవాళ్ల వీపు మీదే నడిచేవి.

సైన్యం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఆ బుట్టలో గడ్డికి బదులు ఫిరంగి గుళ్లు పెట్టింది, అంతే.

1915 ఆగస్టు నుంచి ఈ మోత పద్ధతి ప్రకారం సాగింది. ఈ స్త్రీలను 'పోర్తాత్రీచి' అన్నారు. అంటే మోసే ఆడవాళ్లు అని అర్థం. పదిహేనేళ్ల పిల్లలూ ఉన్నారు, అరవై ఏళ్ల అవ్వలూ ఉన్నారు. అందరూ కలిసి దాదాపు వెయ్యిమంది. అంటే ఒక బెటాలియన్‌తో సమానం. ఒక్కొక్కరికీ ఎర్రటి చేతిపట్టీ ఇచ్చారు. ఎవరు ఏ దళానికి సరుకు మోస్తున్నారో ఆ దళం నంబరు దాని మీద ఉండేది. ఓ చిన్న పుస్తకం కూడా ఇచ్చారు. ఎన్నిసార్లు ఎక్కారు, ఏం మోశారు అన్నది గోదాము వాళ్లు అందులో రాసేవారు. ఒక్కసారి ఎక్కితే లీరాన్నర కూలి. నెలాఖరున లెక్కగట్టి ఇచ్చేవారు.

పొద్దు పొడవకముందే గోదాముల ముందు చేరేవారు. బుట్ట నింపుకునేవారు. బరువు 30 నుంచి 40 కిలోలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. పదిహేను, ఇరవై మంది చొప్పున గుంపులై బయల్దేరేవారు. ముందు నడిపించే అధికారి ఉండడు, కాపలాగా వచ్చే జవాను ఉండడు. లోయలో కొంతదూరం కలిసి నడిచి, అక్కడి నుంచి విసనకర్ర విప్పినట్టు తలో దిక్కుకు, తలో శిఖరానికి విడిపోయేవారు. ఎక్కాల్సిన ఎత్తు 600 నుంచి 1,200 మీటర్లు. రెండు నుంచి నాలుగు గంటల నడక.

ఈ అంకెలు మన లెక్కల్లోకి మార్చి చూడండి. వంటింట్లో నిండు గ్యాస్ సిలిండర్ బరువు దాదాపు 30 కిలోలు. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు దాదాపు ఈ 600, 1,200 మీటర్ల మధ్యే వస్తుంది. ఒక సిలిండర్ వీపున కట్టుకుని అలిపిరి దారిన ఎక్కుతున్నట్టు ఊహించుకోండి. అక్కడ మెట్లు లేవు, పైన కప్పు లేదు, మధ్యమధ్యలో మంచినీళ్లు ఇచ్చేవాళ్లు లేరు. శీతాకాలంలో మోకాళ్లు దాటి మంచు. పైనుంచి ఫిరంగి గుళ్లు. ఇది మొక్కు తీర్చుకోవడానికి ఏడాదికోసారి కాదు. రేపు మళ్లీ ఎక్కాలి, ఎల్లుండి మళ్లీ ఎక్కాలి. అవసరమైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా లేచి రావాలి.

ఇంకో లెక్క. ఆ కాలంలో ఇటలీ సైన్యం ఎక్కువగా వాడిన లారీల్లో ఒకటి ఫియట్ 18 బీఎల్. గట్టి రబ్బరు చక్రాలూ, వాటిని తిప్పే గొలుసులూ ఉన్న ఆ బండి దాదాపు మూడున్నర టన్నులు మోసేది. వెయ్యిమంది స్త్రీలు తలా 35 కిలోలు ఎత్తుకుంటే మొత్తం 35 టన్నులు. అంటే పది లారీల సరుకు. లారీలు ఎక్కలేని కొండను ఆ పది లారీల బరువూ కాళ్ల మీద ఎక్కిందన్నమాట.

కాళ్లకు బూట్లు కూడా లేవు. పాతగుడ్డల్ని పొరలు పొరలుగా కలిపి కుట్టిన 'స్కార్పెత్స్' అనే గుడ్డ చెప్పులే. అవీ వాళ్లు చేతులారా కుట్టుకున్నవే. వీపు మీద బరువున్నా చేతులు ఖాళీగా ఉన్నాయి కదా అని దారి పొడవునా మేజోళ్లు అల్లుకుంటూ నడిచేవారు. వెనక ఫిరంగి గుండూ, చేతిలో ఊలు దారం! మన అమ్మమ్మలు కబుర్లు చెబుతూనే చేతుల్లో ఏదో ఒక పని పెట్టుకోవడం చూశాం. ఇదీ అలాంటిదే. కాకపోతే చుట్టూ యుద్ధం.

పైకి చేరాక సరుకు దించి కాసేపు కూలబడేవారు. తమ ఊరి జవాను ఎవరైనా కనిపిస్తే రెండు ముక్కలు మాట్లాడుకునేవారు. మళ్లీ దిగడమే. దిగేటప్పుడు ఖాళీ బుట్టతో దిగితే మాత్రం దిగినట్టే కాదు. సైనికుల మురికి బట్టలు అందులో వేసుకుని, ఉతికి తేవడానికి ఇంటికి పట్టుకెళ్లేవారు. కొన్నిసార్లు గాయపడ్డవాళ్లను స్ట్రెచర్ల మీద మోసుకొచ్చేవారు. చనిపోయినవాళ్లనూ వాళ్లే కిందికి తెచ్చేవారు. తిమావ్ శ్మశానంలో గొయ్యి తవ్వి పూడ్చిందీ వాళ్లే. పొద్దున తాము మోసుకెళ్లిన రొట్టె తిన్న పిల్లవాడిని సాయంత్రం తామే మట్టిలో దించాల్సిన రోజులుండేవి.

ఇంటికి చేరేసరికి అక్కడ రెండో ఉద్యోగం ఎదురుచూస్తుండేది. పిల్లలకు తిండి పెట్టాలి, ముసలివాళ్లను చూసుకోవాలి, పశువుల పాలు పితకాలి, గడ్డి వేయాలి. ఆ పనికి పుస్తకమూ లేదు, లీరాన్నరా లేదు.

ఇంత కష్టం ఎందుకు పడ్డారు? కూలి డబ్బుల అవసరం ఉందన్నది నిజమే. భర్తలు యుద్ధంలో ఉన్న ఇళ్లు అవి. కానీ లీరాన్నర కోసం ఎవరూ తుపాకీ గుళ్ల కిందకు వెళ్లరు. 'పదండి, లేకపోతే పాపం ఆ పిల్లలు ఆకలితో కూడా చచ్చిపోతారు' అని ఒకరినొకరు లేపుకుని బయల్దేరేవారని ఆ లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ 'కూడా' అన్న ఒక్క మాటలో అంతా ఉంది. తూటాలతో ఎలాగూ చస్తున్నారు, ఆకలితో కూడానా అని. అది దేశభక్తి ఉపన్యాసం కాదు. కొడుకో తమ్ముడో ఇంకో రంగంలో ఉన్న ఆడమనిషి, తన కళ్లెదుట ఉన్న పిల్లవాడికి అన్నం పెట్టాలనుకోవడం.

ఇందులో ఇంకో మెలిక ఉంది. తిమావ్ ఊరివాళ్లు ఇళ్లలో మాట్లాడుకునేది ఇటాలియన్ కాదు. తరాల క్రితం ఆల్ప్స్ అవతలి నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. వాళ్లది జర్మన్ యాస. అంటే కొండకు అటువైపు నుంచి కాల్పులు జరుపుతున్న ఆస్ట్రియా సైనికుల భాషకు దగ్గరి చుట్టం. శత్రువు తిట్లు కూడా వాళ్లకు అర్థమయ్యేవన్నమాట. సరిహద్దు గీతలు గీసేవాళ్లు ఇళ్లలో ఏం భాష మాట్లాడుకుంటారో చూసి గీయరు కదా!

నలుగురు పిల్లల తల్లి

ఈ స్త్రీలలో ఇటలీ అంతటికీ తెలిసిన పేరు ఒక్కటే. మరియా ప్లోజ్నర్ మెంటిల్.

ఆమె తిమావ్‌లోనే పుట్టింది, 1884లో. పెళ్లయి నలుగురు పిల్లలు. చిన్నది ఇంకా చంటిబిడ్డే. భర్త కార్స్ట్ రంగంలో యుద్ధం చేస్తున్నాడు. పిల్లల్ని ఇంట్లో వదిలి ఆమె కూడా బుట్ట ఎత్తుకుంది. తోటివాళ్లు భయపడితే ధైర్యం చెప్పి ముందు నడిచేదట.

1916 ఫిబ్రవరి 15. ఆ రోజు కూడా ఎప్పటిలాగే సరుకు మోసుకెళ్లి దించింది. తిమావ్ పైన, మల్పాసో అనే చోట తోటి స్త్రీతో కలిసి కాసేపు కూర్చుంది. కొండకు అటువైపు పొంచి ఉన్న ఆస్ట్రియా గురికాడు ఆమెను చూశాడు. తూటా తగిలింది. కిందికి మోసుకొచ్చి పలుజ్జాలోని సైనిక ఆసుపత్రిలో చేర్చారు. అన్నాళ్లూ గాయపడ్డవాళ్లను ఆమె మోసిన దారిలోనే ఆమెను మోసుకొచ్చారు. ప్రాణం నిలవలేదు. అప్పటికి ఆమెకు 32 ఏళ్లు కూడా నిండీ నిండలేదు.

మర్నాడు పొద్దున్న ఏమైంది? గోదాముల ముందు మళ్లీ బుట్టలు నిలబడ్డాయి. పైన వేలమంది ఆకలి ఒక్కరోజు కూడా ఆగదు కదా. ఆ తర్వాత మరికొందరు స్త్రీలు కూడా గాయపడ్డారు. అయినా నడక ఆగలేదు. నెలన్నర తిరక్కుండానే, మార్చి చివర్లో పాల్ పిక్కోలో మీద పెద్ద పోరు జరిగింది. 1916-17 శీతాకాలమైతే ఆల్ప్స్ ఎరిగిన ఘోరమైన శీతాకాలాల్లో ఒకటి. పడమర దిక్కున డోలమైట్ కొండల్లో డిసెంబరులో మంచు చరియలు విరిగిపడి రెండు పక్షాలా కలిపి వేలమంది సైనికులు చనిపోయారని అంచనా. అలాంటి శీతాకాలంలోనూ కార్నియా దారుల్లో బుట్టలు ఎక్కుతూనే ఉన్నాయి, దిగుతూనే ఉన్నాయి.

చివరికి ఆ దారులు మూతపడింది ఈ స్త్రీలు అలసిపోయినందువల్ల కాదు. 1917 అక్టోబరు 24న తూర్పున కపోరెట్టో దగ్గర ఇటలీ ప్రధాన సైన్యం కుప్పకూలింది. వెనక్కి వచ్చేయమని కార్నియా సేనలకూ ఆజ్ఞ వచ్చింది. రెండేళ్ల పైచిలుకు రక్తం ధారపోసి నిలబెట్టిన శిఖరాలను, వాటి మీద ఎవరూ ఓడకుండానే వదిలి దిగాల్సి వచ్చింది. ఊళ్ల జనంలో కొందరు సైన్యం వెంట పారిపోయారు. మిగిలినవాళ్లు ఏడాది పాటు శత్రువు పాలనలో బతికారు. 26 నెలల మోత అలా ముగిసింది.

లెక్కలో ఉన్నారు, చరిత్రలో లేరు

1918లో యుద్ధం ఆగింది. విగ్రహాలు లేచాయి, పతకాలు పంచారు. ఈ స్త్రీలు మాత్రం ఏ జాబితాలోకీ రాలేదు. ఎందుకంటే వాళ్లు సైనికులు కారు. ప్రమాణం చేయలేదు, ర్యాంకు లేదు, పింఛను లేదు. చేతికి దళం నంబరు కట్టారు, పుస్తకంలో మోత రాశారు, నెలాఖరున కూలి లెక్కగట్టారు. సైన్యం లెక్కలో వాళ్లున్నారు. సైన్యం చరిత్రలో లేరు.

వాళ్లూ అడగలేదు. గడ్డి మోయడం ఇంటిపని అయినట్టే, గుళ్లు మోయడమూ వచ్చిన ఆపదలో చేయాల్సిన పనే అనుకున్నారు. బుట్టలో మళ్లీ గడ్డి పెట్టుకుని పొలాలకు వెళ్లిపోయారు.

గుర్తింపు నత్తనడకన వచ్చింది. 1937లో మరియా అస్థికలను తిమావ్‌లోని స్మారక మందిరంలోకి మార్చి, ఆ కొండల మీద చనిపోయిన సైనికుల మధ్య ఉంచారు. 1955లో పలుజ్జాలోని సైనిక స్థావరానికి ఆమె పేరు పెట్టారు. ఇటలీలో ఓ స్త్రీ పేరు పెట్టిన సైనిక స్థావరం అప్పటికి అదొక్కటే. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్నవారిని సత్కరించాలని ఇటలీ 1968లో చట్టం చేసింది. బతికున్న పోర్తాత్రీచికి కూడా ఆ గౌరవం దక్కేసరికి యుద్ధం ముగిసి అర్ధశతాబ్దం దాటిపోయింది. అప్పటికి పదిహేనేళ్ల పిల్లగా బుట్ట ఎత్తుకున్నవాళ్లు కూడా నడుం వంగిన అవ్వలయ్యారు.

1997లో అధ్యక్షుడు ఆస్కార్ లూయిజి స్కాల్ఫరో మరియాకు సైనిక శౌర్య స్వర్ణపతకం ప్రకటించారు. ఆమె చనిపోయిన 81 ఏళ్లకు! ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఇటలీ సైన్యంలో స్త్రీలు చేరవచ్చునన్న చట్టం వచ్చింది 1999లో. అంటే, స్త్రీ సైనికురాలు కావడానికి వీల్లేని దేశంలో ఓ స్త్రీకి సైనిక పతకం ఇచ్చారు. ఇంకా వెనక్కి వెళితే, ఆమె గుళ్లు మోసిన రోజుల్లో ఇటలీ ఆడవాళ్లకు ఓటు హక్కే లేదు. జాతీయ ఎన్నికల్లో వాళ్లు తొలిసారి ఓటేసింది 1946లో. దేశం కోసం ప్రాణం ఇవ్వడానికి పనికొచ్చిన మనిషి, ఆ దేశాన్ని ఎవరు పాలించాలో చెప్పడానికి పనికిరాలేదు.

ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. ఆల్ప్స్ సైనికులతో పాటు సరుకులు మోసిన కంచరగాడిదలంటే ఇటలీ జనానికి ఎంతో ప్రేమ. హెలికాప్టర్లూ జీపులూ వచ్చాక వాటి అవసరం తీరిపోయింది. 1993లో బెల్లూనో పట్టణంలో చివరి గుంపును వేలం వేశారు. వాటిలో 'ఇరోజో' అనే కంచరగాడిద 40 ఏళ్లు బతికి 2019లో చనిపోతే ఆ వార్తకు దేశమంతా కదిలిపోయింది. నోరులేని జీవానికి ఆ గౌరవం దక్కడం మంచిదే. కానీ అది ఎక్కలేని దారిలో ఎక్కిన స్త్రీలలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? దేశమంతటికీ తెలిసింది ఒక్క మరియా పేరే. అది కూడా ఆమె చనిపోయింది కాబట్టి.

ఈమధ్య పరిస్థితి కాస్త మారింది. తిమావ్‌లో యుద్ధ మ్యూజియం ఉంది. పోర్తాత్రీచి స్మారక శిల్పం ఉంది. 2020లో ఇలారియా తూతి అనే రచయిత్రి వీళ్ల కథనే తీసుకుని 'ఫియోరె ది రొచ్చా' నవల రాసింది. రాతిలో పూసిన పువ్వు అని ఆ పేరుకు అర్థం. చాలామంది ఇటలీ పాఠకులు ఈ స్త్రీల గురించి ఆ నవల చదివాకే తెలుసుకున్నారు.

ఆ నవల వచ్చిన సంవత్సరంలోనే ఇటలీ సైనిక రవాణా ఇంకో రకంగా ప్రపంచానికి కనిపించింది. మీకూ ఆ ఫొటో గుర్తుండే ఉంటుంది. 2020 మార్చి 18 రాత్రి బెర్గామో నగరంలో, చీకటి వీధిలో ఒకదాని వెనక ఒకటిగా కదిలిన సైనిక లారీలు. కరోనా మృతుల శవపేటికలకు ఆ ఊరి శ్మశానంలో చోటు చాలక వాటిని వేరే ఊళ్లకు తీసుకెళ్తున్నాయి. ఇటలీలో ఇప్పుడు ఏటా మార్చి 18 కరోనా మృతుల స్మారక దినం. ఆ రాత్రి ఆ లారీలు నడిపినవాళ్లు శత్రువుతో పోరాడలేదు, సరిహద్దు దాటలేదు. అయినవాళ్లు వెంట రాలేని మనుషులను చివరి మజిలీకి చేర్చారు. తిమావ్ శ్మశానంలో గోతులు తవ్విన ఆడవాళ్లు చేసిందీ అదే. మధ్యలో వందేళ్లు గడిచాయి, బుట్ట పోయి లారీ వచ్చింది. మోసేవాళ్ల పని మారలేదు.

వంట ఎవరు చేశారో అడక్కుండా భోజనం బాగుందని లేచిపోయే ఇళ్లున్నట్టే, సరుకు ఎవరు మోశారో అడక్కుండా విజయం గురించి చెప్పుకునే దేశాలూ ఉంటాయి. రెండుచోట్లా మరిచిపోయేది ఎక్కువగా ఆడవాళ్లనే. కార్నియా స్త్రీల విషయంలో ఇటలీ ఆలస్యంగానైనా ఆ ప్రశ్న వేసుకుంది. మన పిల్లలు ఈసారి చరిత్ర పాఠం అప్పజెబుతూ ఫలానా యుద్ధం ఫలానా సంవత్సరంలో జరిగింది అనగానే, మనమూ ఓ ప్రశ్న వేయొచ్చు... 'మరి వాళ్లకు అన్నం ఎవరు మోసుకెళ్లారురా?' అని.